గిటార్ ఆంప్‌లో ఒక ట్యూబు పోతే అన్నీ మార్చాలా?

అక్కర్లేదు, ప్రీఆంప్ ట్యూబు (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే చిన్న ట్యూబు) పోతే ఆ ఒక్కటీ మార్చుకుంటే చాలు, పవర్ ట్యూబు (స్పీకర్‌ను నడిపే పెద్ద ట్యూబు) పోతే మాత్రం సరిజోడు కొని రెండూ మార్చాలి, ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్ అయితే బయాస్ (సిగ్నల్ లేనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక) కూడా సరిచేయించాలి.

పవర్ ట్యూబులు పనిని చెరిసగం పంచుకుంటాయి. కొత్తదాని పక్కన అరిగినది పెడితే ఒకటి ఎక్కువ కరెంటు లాగుతుంది, హమ్ (గుయ్యిమనే మోత) పెరుగుతుంది. బయాస్ మరీ తప్పితే లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంది. ప్రీఆంప్ ట్యూబుకు ఈ బాధ లేదు, దాని బయాస్‌ను సర్క్యూట్లోని కాథోడ్ రెసిస్టరే చూసుకుంటుంది.

ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ ఆంప్‌నే తీసుకోండి: మూడు 12ఏఎక్స్7 ప్రీఆంప్ ట్యూబులు, రెండు 6ఎల్6 పవర్ ట్యూబులు. నెల్లూరు నుంచి ఒంగోలులో కచేరీకి వ్యానులో కుదుపులు తిని వెళ్లాక కూత మొదలైందనుకుందాం. వాల్యూమ్ కొంచెం పెట్టి, చిన్న ట్యూబులను ఒక్కొక్కటిగా చెక్క పెన్సిలుతో మెల్లగా తట్టండి. చిన్న టక్కు మామూలే. స్పీకర్లో గంటలా ఖంగుమనిపించేదాన్ని మార్చండి. ఆంప్ ఆపి, ప్లగ్గు పీకి, చల్లారాకే సుమా. బయాస్ పని తెలిసిన మెకానిక్‌కే వదలండి, లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

చాలామంది “వెలుగుతోందిగా, బాగానే ఉంది” అనుకుంటారు. ఆ నారింజ వెలుగు హీటర్‌ది (ట్యూబును లోపల వేడిచేసే తీగది) మాత్రమే. ట్యూబు సత్తువ పోయినా అది వెలుగుతూనే ఉంటుంది. గాజు లోపలి వెండి పూత పాలలా తెల్లబడితే మాత్రం గాలి చొరబడినట్టే. అలాగే, సాకెట్లో సరిపోయిందని 6ఎల్6 చోట ఇఎల్34 అనే మరో రకం పవర్ ట్యూబు పెట్టేయకండి. దాని హీటర్ 0.9 ఆంపియర్లకు బదులు 1.5 లాగుతుంది.