నౌపడలో ఒలికిన గింజలు

చిరంజీవికి ఆశీస్సులు.

మన శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒరిస్సాలోని గుణుపురం దాకా నడిచిన చిన్నబండి మీద నువ్వు రాసిన కథ అందింది. పద్నాలుగు పేజీలు. రాత్రి ఒకసారి, పొద్దున్న కాఫీకి ముందు ఇంకోసారి చదివాను. బాగుండి రెండోసారి చదివాననుకునేవు. రాత్రి ఎక్కడో ఒక మాట దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. తెల్లారేసరికి ఆ మాట ఎక్కడుందో గుర్తు రాలేదు. వెతగ్గా వెతగ్గా పదకొండో పేజీలో దొరికింది. మీ నానమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఖాళీ పట్టాల వైపు చూసి, "బండెల్లిపోనాదిరా" అంటుంది.

ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. మిగతా కథ మీద నాకు కోపంగా ఉంది.

అదే నానమ్మ మూడో పేజీలో ఏమంటోందో ఒకసారి చూసుకో. "అయ్యో, ఈ ధూమశకటం మన జ్ఞాపకాలను మోసుకుని శాశ్వతంగా తరలిపోతోంది కదా!" ఎవరయ్యా ఆవిడ? సంతలో చింతపండు అమ్ముకుని నిన్ను చదివించిన మనిషేనా? ఆవిడ నోట్లో ధూమశకటం ఎవరు పెట్టారు? నీ కథలో రైలు నాలుగుసార్లు ఏడ్చింది, రెండుసార్లు నిట్టూర్చింది, ఒకసారి కొండచిలువలా పాకింది. ఇంజను ముందు నిలబడి బొగ్గు కొట్టినవాడు మాత్రం పద్నాలుగు పేజీల్లో ఒక్కసారైనా కనపడలేదు.

ఇంకా ఉంది. మూడుచోట్ల 'మీటర్ గేజ్' అని రాశావు. అది నేరోగేజ్ నాయనా. పట్టాకీ పట్టాకీ మధ్య 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. మీటరుకి జానెడు తక్కువ. ఆ జానెడే మొత్తం కథ. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

'ఆంగ్లేయులు వేసిన రైలు' అనీ రాశావు. వేసింది పర్లాకిమిడి రాజావారు, గౌరచంద్ర గజపతి. దొరల దగ్గర అనుమతి తీసుకున్నారు, 1898లో పని మొదలుపెట్టారు, ఏడు లక్షల రూపాయలు ఖర్చు పెట్టారు. 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 25 మైళ్లు బండి తిరిగింది. ఎడ్లబళ్ల మీద రోజులు పట్టే దారి. రాజుగారు వేశారు కాబట్టి లాభాలే లాభాలు అనుకోకు, మొదటి పదేళ్లూ నష్టమే. 1910 తర్వాత కాస్త పుంజుకుంది. 1924-25 నుంచి డబ్బు బాగా కళ్లచూశారు కనకే గుణుపురం దాకా పొడిగించారు, 1929లో కొంత, 1931లో మిగతాది. మొత్తం 90 కిలోమీటర్లు. నువ్వు 'అనాదిగా కొండల నడుమ సాగిన రైలు' అన్నావు చూడు, అందులో గుణుపురం వైపు ముక్క వయసు మా పెద్దక్క వయసంతే.

ఇప్పుడు ఆ జానెడు సంగతి. నౌపడలో చిన్నబండి వచ్చి పెద్ద లైను పక్కన ఆగేది. హౌరా-మద్రాసు లైను అది, ఐదున్నర అడుగుల గేజి. చిన్న వ్యాగను పెద్ద పట్టా ఎక్కదు. కాబట్టి పైనుంచి వచ్చిన బియ్యం, చింతపండు, అడవి సరుకు ప్రతి బస్తా అక్కడ దింపాలి, కలాసీ వీపు మీద మోయాలి, పెద్ద వ్యాగన్లో ఎక్కించాలి. నౌపడ ఉప్పు పైకి పోవాలన్నా ఇదే తంతు. నా చిన్నప్పుడు మా నాన్నతో ఆ ప్లాట్‌ఫారం మీద గంటలు గంటలు కూచునేవాణ్ణి. బస్తాకి కొక్కెం వేసి లాగుతారు కదా, ఆ కన్నంలోంచి గింజలు రాలతాయి. చీపురుకట్టలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. కలాసీ అటు తిరగ్గానే ఊడ్చి చేటలోకి ఎత్తేవాళ్లు. ఇసుకా గింజా కలిసి ఉంటాయి. అక్కడే కూచుని చెరిగి, గింజలు కొంగులో పోసుకుని, ఇసుక మళ్లీ అక్కడే పోసేవాళ్లు.

చిన్న రైళ్లు ఎందుకు పోయాయని పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తారు. నేను చూసింది ఇది. దింపుడు కూలి ఒకటి, ఎక్కుడు కూలి ఒకటి, మధ్యలో ఒలికింది ఒకటి. లారీ వచ్చాక షావుకారు కొట్టు దగ్గరే ఎక్కించి విశాఖపట్నంలో దింపుకున్నాడు. బస్సు వచ్చాక మనిషీ అంతే, ఇంటి మలుపులో ఎక్కి సంత మొగలో దిగాడు. మీ నానమ్మ బస్సు ఎప్పటినుంచి ఎక్కిందో అడిగావా? అడగలేదు. అడిగుంటే నీ కథలో రైలుని చంపినవాళ్లలో ఆవిడ పేరు కూడా ఉండేది, కథ కథయ్యేది.

నాకు ఆ ప్లాట్‌ఫారం ఎందుకు గుర్తుండిపోయిందో చెప్తాను. 1974లో నేనూ చిన్నబండి మీద ఒక కథ రాశాను. అందులో ఒక గుంట ఉంది, పదేళ్లది, సంతకి పోతుంది. ఒక వారపత్రికకి పంపాను. ఏడు నెలలకి అచ్చయింది. టెక్కలి బస్టాండులో పత్రిక కొని, అక్కడే అరుగు మీద కూచుని తెరిచాను. నా గుంట 'బాలిక' అయిపోయింది. నా బాలిక "నానొల్లను" అనడం లేదు, "నాకు ఇష్టము లేదు" అంటోంది. చివర ముసలాయన నోట నీ నానమ్మ అన్న మాటే పెట్టాను. అది 'రైలు వెళ్ళిపోయింది' అయింది. కథ నాదే, పేరు నాదే, పారితోషికం పదిహేను రూపాయలూ నాదే. గింజలన్నీ నౌపడలో ఒలికిపోయాయి.

ఎడిటరుకి ఉత్తరం రాశాను. జవాబు ఒక కార్డు ముక్క: 'రాష్ట్రమంతటా పాఠకులున్నారు, అందరికీ అర్థం కావాలి.' గేజి మార్చాడన్నమాట. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నేను మా ఊరి మనిషిని కథలో పెట్టలేదు. పెట్టినా మాట్లాడనివ్వలేదు. ఆ తొమ్మిదేళ్లలో రాసినవన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఎవరైనా చెదలు పట్టిందని చెబితే సంతోషిస్తాను.

ఇందులో వింతేమిటో తెలుసా? ఆ బండి పోయి ఆగే పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు ఉండేవారు. 1880లో రాజావారి బళ్లో మాస్టారుగా చేరారు. బండి మొదటిసారి కూత పెట్టిన 1900లో ఆయన ఆ ఊళ్లోనే ఉన్నారు. చుట్టుపక్కల కొండల్లో సవరలనే గిరిజనులు మాట్లాడే భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. వాడుక భాషలోనే చదువు చెప్పాలి, రాయాలి అని జీవితమంతా పండితులతో గుద్దులాడిన మనిషి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. బండి పుట్టినరోజూ ఆ తేదీయే చూడు. ఆయన ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఇప్పుడు ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, 'వ్యావహారిక భాషోద్యమ పితామహుని ఔన్నత్యమును' అంటూ ఉపన్యాసాలు దంచుతారు. నేను రెండేళ్లు వెళ్లాను, మూడో ఏడు మోకాళ్ల నొప్పి అని చెప్పాను.

అయితే ఇంకో సంగతి. ఇది చదివి నువ్వు కథంతా 'ఎల్లినాను, వచ్చినాను' అని నింపేస్తావేమోనని భయం. ఇప్పుడు గాలి అటు తిరిగింది. పోటీ కథలకి మన యాస ఉంటే మార్కులట. హైదరాబాదులో పుట్టి పెరిగిన కుర్రాడు కూడా పులిహోరలో పోపు పెట్టినట్టు ప్రతి వాక్యంలో ఒక 'ఓలమ్మో' చల్లుతున్నాడు. న్యాయనిర్ణేతలు 'మట్టి వాసన' అంటున్నారు. 'బాలిక' చేసిన ఎడిటరు కన్నా వీళ్లు ఒక్కోసారి నాకు ఎక్కువ చికాకు తెప్పిస్తారు. ఆయన మాట తీసేశాడు, వీళ్లు మనిషిని తీసేసి మాట ఉంచారు. మీ నానమ్మ ఆ ఒక్క మాట అన్నప్పుడు చెప్పులు చేతిలో ఉన్నాయి. అందుకే అది నిలబడింది. చెప్పులు నువ్వు చూశావు, మాట నువ్వు విన్నావు. అలా విన్నవి నీ దగ్గర పది ఉంటే పదే రాయి.

ఏడో పేజీలో విహారయాత్ర రాశావు. పిల్లలు కిటికీల్లోంచి 'ప్రకృతి అందాలను తనివితీరా' చూశారన్నావు. ఒక ముక్క చెప్తాను, కావాలంటే వాడుకో.

ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసేవాణ్ణి. ఆవిరి బండి 1992 దాకా నడిచింది, ఇది అంతకు ముందు ఎనిమిదేళ్ల మాట. ముప్పై ఎనిమిది మంది పిల్లల్ని పర్లాకిమిడి రాజావారి కోట చూపిద్దామని బయల్దేరదీశాను. ఇళ్ల దగ్గర్నుంచి పులిహోర డబ్బాలు తెచ్చుకున్నారు. టెంబూరు దాటాక సన్నగా తుంపర మొదలైంది. ఎత్తు దగ్గర చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలదు. తడి పట్టా మీద జారిపోతోంది. ఫైర్‌మ్యాన్ దిగి ముందుకు నడుస్తూ పట్టాల మీద గుప్పిళ్లతో ఇసుక చల్లుతున్నాడు. కనుబొమలు కాలిపోయి ఉన్నాయి, నడుముకి తడి గోనె చుట్టుకున్నాడు. తెచ్చుకున్న ఇసుక అయిపోయింది. నేను వద్దనే లోపల నా పిల్లలు దిగిపోయారు. పులిహోర గబగబా తినేసి, కొందరు పక్కవాడి డబ్బాలో కుమ్మరించి, ఖాళీ డబ్బాలతో గట్టు పక్క వాగులోంచి ఇసుక తెచ్చి ఆయనకి అందించారు. ఒకడు అడిగాడు, "బండి ఎందుకు నడవట్లేదు మామా?" అని. ఆయన అన్నాడు, "తిండెడితే నడుస్తాది. నానూ అంతేరా గుంటడా." వాడు తన డబ్బాలో మిగిలిన పులిహోర ఆయన ముందు పెట్టాడు. ఆయన తిన్నాడు, ఇసుక చేతులతోనే.

కోట చేరేసరికి సాయంత్రమైంది, గేటు దగ్గర నుంచే చూసి వెనక్కొచ్చాం. పిల్లల్ని పట్టాల మీదకి దింపినందుకు పైవాళ్లు నాకు మెమో ఇచ్చారు. ఆ ముప్పై ఎనిమిది మందిలో ఎవరు కనపడినా ఇప్పటికీ ఇసుక మాటే మాట్లాడతారు, కోట మాట ఒక్కరూ ఎత్తరు. ఇప్పుడు బడిపిల్లల్ని బస్సులో అరకు తీసుకుపోతున్నారు. 2017 నుంచి ఆ దారిలో అద్దాల పెట్టె కూడా ఉందిగా, విస్టాడోమ్. నేనూ ఎక్కాను, మనవరాలు తీసుకెళ్లింది. కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది. బాగుంది.

చివరికి నీ ముగింపు. 'ఆ రైలు మరణించింది.' మరణించలేదు. 2004 జూన్‌లో చిన్నబండి ఆపేశారు. పట్టాలు పీకి పెద్ద గేజి వేశారు. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా మళ్లీ రైలు వచ్చింది. ఇప్పుడు గుణుపురంలో ఎక్కినవాడు నౌపడలో మూట దింపకుండా విశాఖపట్నంలోనో పూరీలోనో దిగుతున్నాడు. గుణుపురం వాళ్ల దగ్గరికెళ్లి 'మీ రైలు చచ్చిపోయింది' అను, తన్నకుండా పంపితే గొప్ప. చిన్నబండి పోతుందంటే కెమెరాలు వేసుకుని కార్లలో వెంటపడినవాళ్లని నేను చూశాను. అందులో ఒక్కడూ టికెట్టు కొనలేదు. మీ నానమ్మ ఏడ్చిందేమో, నేను కాదనను. కానీ ఆవిడకి ఆపరేషన్ అయితే పెద్దాసుపత్రికి ఏ రైల్లో తీసుకెళ్లారో కూడా రాయి. ఆ ఏడుపూ, ఆ ప్రయాణమూ ఒకే పేజీలో ఉండాలి. నౌపడలో ఊడ్చుకునే ఆడవాళ్లు ఏమయ్యారో కనుక్కో. వాళ్లకి మాత్రం ఆ గేజితోపాటే అన్నం పోయింది. వాళ్ల గురించి ఎవరూ రాయలేదు, నాతో సహా.

పోటీకి పంపాలా, సంపుటి వేయాలంటే ఎన్ని కథలుండాలి, ఇంకా ఏవో అడిగావు. ఆ కాగితం ఎక్కడో పెట్టాను, దొరకలేదు. ముందుమాట సంగతి మాత్రం గుర్తుంది. రాయను.

కథ తిరగరాసి పంపు. తొందరేం లేదు.

ఆశీస్సులతో,
మీ టెక్కలి మాస్టారు

తా.క. నానమ్మ కొంగుముడిలో అట్ట టికెట్టు దాచుకుందని రాశావు. ఇంకా ఉందా? ఉంటే పాతపట్నం అని ఉందో, పర్లాకిమిడి అని ఉందో చూడు. ఆవిడ పాతపట్నంలో దిగి మహేంద్రతనయ దాటి పర్లాకిమిడి సంతకి నడిచేదని, 'ఆమెకు నడక అంటే ప్రాణం' అని రాశావు. ఒక స్టేషను ముందే దిగితే ఎంత మిగిలేదో అడుగు. దిగేటప్పుడు టికెట్టు వాళ్లకి ఇచ్చెయ్యాలి కదా, ఇవ్వకుండా ఎలా బయటికొచ్చిందో అది కూడా అడుగు.