హెడ్డింగ్ పెట్టే ముందు

అమ్మాయ్,

టాంజానియాలో, చర్మానికీ జుట్టుకీ కళ్లకీ పుట్టుకతోనే రంగు తక్కువగా ఉండే అల్బినిజం ఉన్నవాళ్ల మీద దాడుల గురించి రాయాలని, వార్తా ఏజెన్సీ కాపీ ముందేసుకుని కూర్చున్నానని నిన్న ఫోన్లో అన్నావు. ముప్పై ఏళ్లు పేపర్ డెస్క్‌లో పనిచేసినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పనీ.

ముందు ఆ రేటు తీసెయ్. చంపి అమ్మే వాళ్ల చెయ్యికి ఇన్ని డాలర్లు, మొత్తం శరీరానికి ఇన్ని అని కాపీలో ఉంటుంది. పాఠకుడు ఉలిక్కిపడతాడని మనం దాన్నే హెడ్డింగ్‌కి ఎక్కిస్తాం. అదృష్టం తెస్తుందని మంత్రగాళ్లు నమ్మించి అమ్మే సరుక్కి మనం ఉచితంగా ధరల పట్టీ వేసిపెట్టడమే అది. దానికి బదులు, 2008లో బీబీసీ విలేఖరి విక్కీ న్టెటెమా వేరే మనిషిలా మంత్రగాళ్ల దగ్గరికి వెళ్లి ఈ వ్యాపారాన్ని ఎలా బయటపెట్టారో రాయి. ఆ తర్వాత బెదిరింపులొచ్చి ఆవిడే దాక్కోవాల్సి వచ్చింది.

పిల్లల ఊరు, బడి పేరు రాయకు, ఫొటో అసలే వద్దు. వెతికేవాళ్లకు దారి చూపినట్టవుతుంది.

మాటల దగ్గర నేనూ తప్పు చేశాను. ఓసారి మన జిల్లాలో ఇలాంటి పాప పుడితే ‘వింత శిశువు జననం’ అని సింగిల్ కాలమ్ వేశాను. మర్నాడు వాళ్ల తాత ఆఫీసుకొచ్చాడు. తిట్టలేదు. పేపరు బల్ల మీద పెట్టి, ‘ఇందులో వింతేముందయ్యా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

‘బొల్లి’ అని కూడా రాయకు. అది పుట్టాక మచ్చలుగా వచ్చేది, ఇది పుట్టుకతోనే ఉండేది. ‘అల్బినిజంతో బాధపడుతున్న’ అనొద్దు, ‘అల్బినిజం ఉన్న’ చాలు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే బిడ్డకు రంగునిచ్చే మెలనిన్ తక్కువవుతుందని, వాళ్లిద్దరూ మామూలు నలుపే కావచ్చని ఒక్క వాక్యం తప్పకుండా పెట్టు. అది తెలియకే అక్కడ భార్యను అనుమానించి వదిలేసే మగాళ్లున్నారు.

హత్య జరిగితే పేజీ ఇస్తాం. ఎండకు చర్మ క్యాన్సరొచ్చి పోయేవాళ్లకు నాలుగు లైన్లు కూడా ఇవ్వం. చూపు తక్కువై బోర్డు కనపడక బడి మానేసే పిల్లల సంగతి సరేసరి. కిలిమంజారో పక్కన మోషీ పట్టణంలో వాళ్ల కోసమే ‘కిలిసన్’ అనే సన్‌స్క్రీన్ తయారుచేస్తారు. నేనైతే అక్కణ్ణుంచే మొదలుపెడతాను. జూన్ 13, అదే అంతర్జాతీయ అల్బినిజం అవగాహన దినం, వచ్చేదాకా ఆగక్కర్లేదు.

కాపీ పంపే ముందు ఒకసారి చదివి వినిపించు. రాత్రి తొమ్మిదిలోపే చెయ్. ఆ తర్వాత ఫోను మీ పెద్దమ్మ చేతిలో ఉంటుంది.

మీ పెద్దనాన్న