ఒత్తిగిలి పడుకుంటే తుంటి నొప్పి: పరుపు మార్చాలా, పైపొర మార్చాలా?

ఈసారి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో పరుపుల గురించి అడిగినవే ఎక్కువ. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, బరువు 58 కిలోలు. కుడిపక్కకు ఒత్తిగిలితే తప్ప నిద్ర పట్టదు. నడుముకు మంచిదని ఏడాది కిందట బరంపురంలో ‘ఆర్థోపెడిక్’ అని రాసి ఉన్న కొబ్బరిపీచు పరుపు కొన్నాం. తెల్లవారుజామున మూడయ్యేసరికి తుంటి ఎముక మీద, భుజం కొన మీద ఒకటే సలుపు. లేచి పనిలో పడితే అరగంటలో పోతుంది. మా అత్తగారు ‘గట్టి పరుపే మంచిదమ్మా, అలవాటైపోతుంది’ అంటారు. కొత్తది కొనాలా? (పర్లాకిమిడి)

జవాబు: ఏ పరుపుకైనా ఒళ్లు అలవాటు పడడానికి మూడు నాలుగు వారాలు చాలు. ఏడాదైనా సలుపు తగ్గలేదంటే ఇక అలవాటు కాదు. అలాగని పరుపు పారేయనక్కర్లేదు, ముందు ఇది చదవండి.

వెల్లకిలా పడుకుంటే మన బరువు వీపు, పిరుదులు, తొడల మీద పరుచుకుంటుంది. ఒత్తిగిలితే అదే బరువు ముఖ్యంగా రెండు చోట్ల పడుతుంది. ఒకటి భుజం కొన, రెండోది తుంటి పక్కన చేత్తో తడిమితే తగిలే ఎముక బుడిపె. ఆ బుడిపె మీద కండ పలచగా ఉంటుంది. అక్కడ రాపిడి తగలకుండా ఎముక మీద ఒక చిన్న ద్రవపు తిత్తి ఉంటుంది. గట్టి పరుపు మీద అది గంటల తరబడి నలిగితే వాచి సలుపుతుంది. భుజం, తుంటి లోపలికి దిగడానికి చోటు లేకపోవడంతో నడుము ఒంపు ఏ ఆసరా లేకుండా గాలిలో ఉంటుంది. ఇంకొకరి చేత అక్కడ అరచేయి పెట్టించి చూడండి, సులువుగా దూరిపోతుంది. మీ ఒళ్లంతటినీ మోస్తున్నవి ఆ రెండు ఎముకలే.

గట్టి పరుపే మంచిదన్న మాట కుంగిపోయిన నులక మంచాల కాలంలో నిజమే, ఉయ్యాలలా వంగిన మంచం మీదకన్నా నేల నయం. కానీ దాన్ని అన్నిటికీ సూత్రం చేసుకోకూడదు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం ఉన్నది ఇచ్చి 90 రోజుల తరువాత చూశారు. మధ్యరకం వాడినవారికే మేలు ఎక్కువ కనిపించింది. అది నడుము నొప్పి మీద జరిగిన పరీక్షే, తుంటి మీద కాదు. అయినా నడుము కోసమే గట్టిది కొన్న మీకు అది పనికొచ్చే మాటే. ‘ఆర్థోపెడిక్’ అన్నది అమ్మకం కోసం పెట్టిన పేరు, దాన్ని చూసి ఎంచుకోకండి.

పరుపు చేయాల్సిన పనులు రెండు: భుజాన్ని, తుంటిని పైన కాస్త దిగనివ్వాలి, నడుమును కింద నుంచి కుంగకుండా ఆపాలి. పైన మెత్తగా, కింద గట్టిగా ఉంటేనే రెండూ జరుగుతాయి. మీ పీచు పరుపు రెండో పని చక్కగా చేస్తోంది, మొదటిది అసలు చేయడం లేదు.

పైసా ఖర్చు లేకుండా తేల్చుకునే దారి ఇది. రెండు మందపాటి బొంతలు నాలుగు మడతలు వేసి, భుజం దగ్గర నుంచి తొడ సగం దాకా పరుపు మీద పరవండి. మెడ ఒక పక్కకు వంగకుండా దిండునూ ఆ మేరకు సర్దుకోండి. వరసగా మూడు రాత్రులు పడుకోండి. సలుపు సగానికి తగ్గితే లోపం పైపొరలోనే ఉంది. కొత్త పరుపు వద్దు, పైన వేసే పలచటి పరుపు, దుకాణాల్లో టాపర్ అనేది, ఒక్కటి చాలు. తుంటి నెమ్మదించి నడుము పట్టేస్తే మెత్తన ఎక్కువైందని, ఒక బొంత తీసేసి చూడండి. ఏ తేడా లేకపోతే నొప్పికి మూలం పరుపులో లేదు, ఎముకల వైద్యుడికి చూపించుకోండి.

మీ బరువుకి 2 అంగుళాల మెత్తటి లేటెక్స్ (రబ్బరు నురుగు) లేదా మెమరీ ఫోమ్ (ఒంటి వేడికి మెత్తబడే ఫోమ్) టాపర్ సరిపోతుంది. అంగుళం టాపర్ మీద డబ్బు పెట్టకండి, తుంటి కింద అది పూర్తిగా నలిగి కింది గట్టిదనమే తగులుతుంది. వేసుకున్నాక ఒత్తిగిలి పడుకుని, టాపర్‌కీ పరుపుకీ మధ్య తుంటి కిందకి ఒకరి చేత అరచేయి దూర్పించండి. ఆ చేతికీ మీ ఎముకకీ మధ్య కనీసం అంగుళం మందం మిగలాలి. మిగలకపోతే ఆ టాపర్ మీకు చాలదు. ఇంకో సంగతి, కొన్నవాళ్లు తరచు చేసే పొరపాటు కూడా ఇదే: మెత్తటి టాపర్ మీద బిర్రుగా లాగే ప్లాస్టిక్ తొడుగో, దళసరి దుప్పటో వేస్తారు. సాగని గుడ్డ డప్పు తోలులా బిగిసి తుంటిని దిగనివ్వదు. సాగే అల్లిక గుడ్డ తొడుగు వాడండి, దుప్పటి అంచులు వదులుగా దోపండి.

ప్రశ్న: జయపురంలో ఒక దుకాణంలో ‘ఇది 40 డెన్సిటీ, అందుకే గట్టిగా ఉంటుంది, మీకు మెత్తగా కావాలంటే 28 తీసుకోండి’ అన్నారు. అంకె తగ్గితే మెత్తనేనా? (కోరాపుట్)

జవాబు: కాదు. ఈ ఒక్క పొరపాటుతోనే చాలామంది రెండేళ్లకే పరుపు పారేస్తున్నారు. డెన్సిటీ అంటే ఒక ఘనమీటరు ఫోమ్ బరువు ఎన్ని కిలోలో చెప్పే అంకె. అందులో సరుకు ఎంత ఉందో, ఎన్నాళ్లు నిలుస్తుందో దాన్ని బట్టి తెలుస్తుంది. మెత్తనకు కొలత వేరే ఉంది: ఫోమ్‌ను దాని మందంలో నాలుగో వంతు అణచడానికి ఎంత బలం కావాలన్నది. 40 డెన్సిటీలో మెత్తటి ఫోమ్ ఉంటుంది, తక్కువ డెన్సిటీలో గట్టి ఫోమ్ కూడా ఉంటుంది. తక్కువ డెన్సిటీది కొన్న రోజు హాయిగానే ఉంటుంది. రాత్రంతా ఒకే చోట బరువు పడే తుంటి దగ్గర అన్నిటికంటే ముందు పల్లం పడుతుంది.

కాబట్టి దుకాణంలో ‘40 డెన్సిటీలో మెత్తటి రకం’ అని అడగండి. చెప్పింది నిజమో కాదో తూకం వేసి తేల్చుకోవచ్చు. 72 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న ముక్క 40 డెన్సిటీదైతే తొడుగు లేకుండా సుమారు 3.4 కిలోలు తూగాలి. 32ది 2.7 కిలోలు, 20ది 1.7 కిలోలు. లేటెక్స్ ఇంకా బరువు, 75 డెన్సిటీ అనుకుంటే ఇదే కొలతకు 6.4 కిలోలు దాకా వస్తుంది. వేరే కొలత అయితే పొడవు, వెడల్పు, మందం మీటర్లలో గుణించి, వచ్చినదాన్ని డెన్సిటీతో గుణించండి. తూకం వేయనివ్వని చోట కొనకండి.

రీబాండెడ్ అని అమ్మేది ఫోమ్ తుక్కును అదిమి అతికించిన దిమ్మ. డెన్సిటీ అంకె చాలా పెద్దగా కనిపిస్తుంది, అడుగుపొరకు బాగానే పనికొస్తుంది. ఒత్తిగిలి పడుకునేవారికి పైపొరగా మాత్రం అసలు పనికిరాదు.

ప్రశ్న: మెమరీ ఫోమ్ పరుపు ఏప్రిల్‌లో కొన్నాం. అప్పుడు వెన్నలా ఉండేది. డిసెంబరు వచ్చేసరికి చెక్కలా అయింది, భుజం పట్టేస్తోంది. పాడైందా? (సెమిలిగుడ)

జవాబు: పాడవలేదు, దాని గుణమే అంత. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. మీ కొండమీది చలికాలపు రాత్రుల్లో గది చల్లబడ్డాక అది ఏప్రిల్‌లో ఉన్నట్టు ఉండదు. పడుకున్న పది పదిహేను నిమిషాలకు ఒంటి వేడికి మళ్లీ మెత్తబడాలి. మీ ఇంట్లో అలా జరగకపోతే, చలికని పరుపు మీద బొంత పరిచి ఉంటారు. బొంత ఆ వేడిని ఫోమ్ దాకా పోనివ్వదు. బొంత ఒంటి మీద కప్పుకోండి, కింద పలచటి నూలు దుప్పటి ఒక్కటే ఉంచండి. పడుకునే ముందు వేడినీళ్ల రబ్బరు సంచి ఒక మందపాటి తువ్వాలులో చుట్టి, భుజం ఆనే చోట కాసేపు ఉంచి తీసేయండి. మళ్లీ కొనాల్సి వస్తే ఆ ఊరికి లేటెక్స్ మేలు, చలికీ ఎండకీ దాని మెత్తన పెద్దగా మారదు.

ప్రశ్న: మా వారు 90 కిలోలు, వెల్లకిలా పడుకుంటారు. నేను 52 కిలోలు, పక్కకు పడుకుంటాను. ఆయనకు గట్టిది కావాలి, నాకు ఆ గట్టిదనంతో తుంటి నొప్పి. మంచం ఒక్కటే. (రాయగడ)

జవాబు: మంచం ఒక్కటైనా పరుపు ఒక్కటే కానక్కర్లేదు. 36 అంగుళాల వెడల్పువి రెండు వేయించుకోండి, పైకి ఎత్తు సమానంగా వచ్చేలా పొరలు మార్చండి. ఆయన వైపు 5 అంగుళాల పీచు మీద 1 అంగుళం ఫోమ్, మీ వైపు 4 అంగుళాల పీచు మీద 2 అంగుళాల మెత్తటి లేటెక్స్. రెండూ 6 అంగుళాలే. రెంటినీ కలిపి చుట్టూ ఒక వెడల్పాటి పట్టీతో బిగించి, పైన ఒకటే పెద్ద దుప్పటి వేస్తే మధ్య సందు తెలియదు. ఆయన పక్కకు తిరిగినప్పుడు ఆ బరువుకి మీ వైపు పల్లం పడడం కూడా తప్పుతుంది. ఆయనా ఒత్తిగిలి పడుకునేవారైతే లెక్క మారేది: ఆ బరువుకి మెత్తటి 2 అంగుళాలు పూర్తిగా అణిగిపోతాయి, మధ్యరకం మెత్తనలో 3 అంగుళాలు కావాలి.

ప్రశ్న: అమ్మకు 71 ఏళ్లు. నవారు మంచం మీద దూది పరుపు. తుంటి నొప్పి అంటే ఇంకో పరుపు పైన వేశాం, ఇప్పుడు నడుము కూడా నొప్పి అంటోంది. (బరంపురం)

జవాబు: కింద కుంగిన మంచం మీద పైన ఎన్ని వేసినా అవీ ఆ పల్లంలోకే దిగుతాయి. పరుపులు తీసి, మంచం పట్టెల మీదుగా అడ్డంగా ఒక దారం బిగించి పట్టుకోండి. అమ్మ పడుకున్నప్పుడు నడుము దగ్గర నవారు దారానికి ఎంత కిందకి దిగిందో స్కేలుతో చూడండి. ఒకటిన్నర అంగుళం దాటితే నవారు బిగించి తిరిగి అల్లించాలి. నైలాన్ నవారు బిగించినా మళ్లీ సాగుతుంది కాబట్టి పట్టెల మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరవడమే నికరం. మీది సముద్రపు తేమ ఉండే ఊరు. గాలి ఆడేలా ప్లైవుడ్‌కి జానెడేసి దూరంలో రంధ్రాలు పెట్టించండి, లేకపోతే దూదికి అడుగున బూజు పడుతుంది.

తరువాత పరుపు సంగతి. దూది నలిగిన చోట అట్ట కడుతుంది, తనంతట తాను పొంగదు. చేత్తో తడిమితే అంచున ఉబ్బు, తుంటి దగ్గర గట్టి ఉండలు తగులుతాయి. ఎండలో వేస్తే తేమ పోయి కొంత పొంగుతుందే గాని ఉండలు పోవు. దూది ఏకించి తిరిగి కుట్టించండి, కుట్లు మరీ దగ్గరగా బిగించొద్దని చెప్పండి. ప్రతివారం తల వైపు కాళ్ల వైపుకు, పై వైపు కిందకు తిప్పండి. ఆ వయసులో మంచం ఎత్తు కూడా చూడాలి: అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. రెండో పరుపుతో ఎత్తు పెరిగి ఉంటే ముందు అది తీసేయండి.

ప్రశ్న: పరుపు బాగానే ఉంది. అయినా పక్కకు పడుకుంటే మెడ పట్టేస్తుంది, చేయి తిమ్మిరెక్కుతుంది. (గుణుపురం)

జవాబు: దిండు చూడండి. గోడకు భుజం ఆనించి పక్కకు నిలబడి, గోడ నుంచి చెవి దాకా కొలవండి. చాలామందికి 4 నుంచి 6 అంగుళాలు వస్తుంది. తల ఆన్చి అదిమాక దిండు ఎత్తు అంత ఉండాలి, పరుపు మెత్తనిదైతే భుజం దిగినంత మేర తగ్గించుకోవాలి. దిండు పలచనైతే చేతిని దాని కింద పెట్టుకోవడం అలవాటవుతుంది, ఆ చేతి నరాలు నలిగి తిమ్మిరి వస్తుంది. కింది భుజాన్ని కాస్త ముందుకు లాక్కుని, ఛాతీకి ఒక దిండు హత్తుకుని పై చేయి దాని మీద వేయండి. మోకాళ్ల మధ్య ఇంకో దిండు పెడితే పై కాలు ముందుకు వాలి తుంటిని లాగదు. ఆ దిండు మోకాలి నుంచి చీలమండ దాకా ఉండాలి, మోకాళ్ల దగ్గర ఒక్కటే పెడితే పాదం వేలాడుతుంది.

తిమ్మిరి పగలు కూడా ఉన్నా, పట్టు తగ్గి చేతిలోంచి వస్తువులు జారుతున్నా, చక్కెర వ్యాధి ఉన్నా దిండ్లు మార్చుతూ రోజులు గడపకండి, వైద్యుడికి చూపించండి. ఏ పక్కకు తిరిగినా తగ్గని రాత్రి నొప్పి, దానితో జ్వరమో బరువు తగ్గడమో ఉంటే ఆ వారంలోనే వెళ్లండి.