ఎక్సెల్, కాంటా టెక్స్ట్ ఫైళ్లు, మై ఎస్‌క్యూఎల్: మూడింటినీ ఒకే క్వెరీలో కలపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: కోల్డ్ స్టోరేజీ బిల్లింగ్ మై ఎస్‌క్యూఎల్‌లో ఉంది, వేబ్రిడ్జి (కాంటా) నుంచి రోజుకో సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు, వస్తుంది, గుమస్తా తక్‌పట్టీలన్నీ (రైతు సరుకు తూకం, ధర రాసే చీటీలు) ఎక్సెల్‌లో కొడతాడు, వీటిని ఎక్కడికీ ఎక్కించకుండా నేరుగా క్వెరీ చేయొచ్చా అని. చేయొచ్చు. నేను వరంగల్‌లో మిర్చి వ్యాపారుల లెక్కలు చూస్తాను, ఎనుమాముల మార్కెట్‌కు సరుకు దండిగా వచ్చే ఫిబ్రవరి, మార్చిలో నాకు దాదాపు ఇదే పని.

డక్‌డీబీ పెట్టుకోండి, ఇది ఫైళ్లను ఉన్నచోటే క్వెరీ చేయగలిగే చిన్న డేటాబేస్. ఉచితం, సర్వర్ అక్కర్లేదు. క్వెరీలో ఫ్రమ్ తర్వాత టేబుల్ పేరు రాసే చోట సీఎస్‌వీ ఫైలు పేరును కోట్స్‌లో పెడితే చదివేస్తుంది, ఫోల్డర్‌లో నెలంతటి ఫైళ్లు ఉంటే స్టార్ పెట్టండి, అన్నీ ఒకే టేబుల్‌లా వస్తాయి. ఎక్సెల్‌కు వేరే ఎక్స్‌టెన్షన్ ఉంది, అది ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌కే, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లయితే ముందు మార్చుకోవాలి. మై ఎస్‌క్యూఎల్‌ను అటాచ్ చేసేటప్పుడు రీడ్ ఓన్లీ తప్పకుండా పెట్టండి, సీజన్‌లో బిల్లింగ్ నడుస్తుండగా అందులో ఏదైనా మారిందంటే ఆ టెన్షన్ మీకొద్దు.

కలపడం తేలికే, తలనొప్పంతా కాలమ్ టైపుల దగ్గర. నాకు తెలిసిన ఒక స్టోరేజీలో ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏసీఈ డ్రైవర్‌తో ఎక్సెల్ చదివేవాళ్లు. ఆ డ్రైవర్ మామూలుగా మొదటి 8 వరసలు చూసి ఇది నంబర్ కాలమా, టెక్స్టా అని తేల్చేస్తుంది. పైన 145, 146 ఉండి కింద ఎక్కడో 152ఏ అని లాట్ వస్తే దాన్ని నల్ (ఖాళీ) చేసేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. టేబుళ్లను కలిపే జాయిన్‌లో ఆ బస్తాలు మాయం, ఓనరేమో హమాలీల మీద అరుస్తున్నాడు! మీరూ ఆ దారిలోనే ఉంటే కనెక్షన్ స్ట్రింగ్‌లో హెచ్‌డీఆర్ నో, ఐమెక్స్ 1 పెట్టండి, అప్పుడు హెడింగ్ కూడా డేటాగానే లెక్కకొస్తుంది కాబట్టి కాలమ్ మొత్తం టెక్స్ట్‌గా వస్తుంది, హెడింగ్ వరసను తర్వాత తీసేస్తే సరి.

డక్‌డీబీ కూడా టైపులు ఊహిస్తుంది, కాకపోతే సీఎస్‌వీలో ఊహ తప్పితే మామూలుగా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అది నయం. అయినా నేను ఆల్ వార్‌చార్ అనే ఆప్షన్ ఆన్ చేసి మొత్తం టెక్స్ట్‌గానే చదువుతా, తర్వాత తూకాన్ని ట్రై కాస్ట్‌తో నంబర్‌గా మారుస్తా, మారనిది నల్ అవుతుంది. మార్చాక నల్ అయి, అసలు ఫైల్లో మాత్రం ఏదో ఉన్న వరసల్ని విడిగా తీసి చూడండి, గుమస్తా తూకం కాలమ్‌లో ఏమేం రాశాడో అన్నీ బయటపడతాయి. తేదీకి ఫార్మాట్ మీరే చెప్పాలి, 05/03 అంటే మార్చి 5 అని మనకు తెలుసు, దానికి తెలియాలని లేదు.

ఇంకోటి, కాంటా సీఎస్‌వీని ఎవరూ డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవకూడదు. లాట్ 12/10 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది, సేవ్ కొట్టారంటే అసలు నంబర్ పోయినట్టే. చూడాలంటే నోట్‌ప్యాడ్ ఉంది కదా.

రైతు పేరు మీద జాయిన్ మాత్రం పెట్టకండి. స్పెల్లింగ్ సంగతి అటుంచితే, పాత షీట్లలో పేర్లు అనూ ఫాంట్లలో కొట్టి ఉంటే అది ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్ తెలుగు కాదు, స్క్రీన్ మీద తెలుగే కనిపించినా లోపల ఉండేవి వేరే అక్షరాలు, మీరు క్వెరీలో తెలుగులో రాసిన పేరు వాటితో కలవదు. లాట్ నంబర్, తేదీ కలిపి జాయిన్ చేయండి.

రోజూ అదే రిపోర్ట్ తీయాలంటే మాత్రం ఈ ఫైళ్లను ఒక టేబుల్‌లోకి ఎక్కించేయడమే మేలు, ఎక్సెల్ రేపు ఎవరైనా మార్చేస్తే నిన్నటి లెక్క మళ్లీ రాదు.

మీ కాంటా ఫైల్లోంచి పేర్లు తీసేసి నాలుగైదు వరసలు ఇక్కడ పెట్టండి, తేదీ ఎలా ఉందో చూసి క్వెరీ రాసిస్తా.