మన పని కాని పని నెత్తినేసుకుంటే ఎదుగుతామా?

"విజయనగరంలో ఒక చిన్న కంపెనీలో బిల్లింగ్ చేస్తున్నాను. స్టోర్స్ కూడా చూడమంటున్నారు. చేస్తే ప్రమోషన్ వస్తుందా, చాకిరీయే మిగులుతుందా?" అని అడిగారు. అది ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. బిల్లులు రాయడం వరకే నా పని. 80 కిలోల పిక్కల బస్తాకి ఎంత పప్పు దిగింది, అందులో గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (సగానికి చీలింది) ఎంత అన్నది లోడు వారీగా ఎవరూ రాసేవారు కాదు. సాయంత్రాలు గ్రేడింగ్ బల్లల దగ్గర నిలబడి నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. 320 నంబరు రకం అంటే పౌండుకి 300 నుంచి 320 గుండ్లు అని అక్కడి అక్కలే చెప్పారు. రెండు నెలలకి ఏ లోడులో ముక్క ఎక్కువ పడుతోందో తేలింది. తర్వాతి కొనుగోలుకి షావుకారు నన్ను వెంటబెట్టుకెళ్లారు. జీతం మాత్రం నేను నోరు తెరిచి అడిగేదాకా పెరగలేదు!

అక్కడే ఏడాదిపాటు ఇంకొకాయన కొట్టాల్సిన ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రాలు) కూడా నేనే కొట్టాను. ఇంటికెళ్లేసరికి రాత్రి తొమ్మిది. ఒరిగిందేమీ లేదు, ఆయన ఎగ్గొట్టే పనికి నేను దొరికానంతే.

స్టోర్స్ మంచిదే. సరుకు లెక్క తెలిసినవాళ్లు పైడిభీమవరం ఫార్మా కంపెనీలకీ కావాలి. ఒప్పుకునే ముందు ఎన్నాళ్లు చూడాలి, బిల్లింగ్‌లో ఏది తగ్గిస్తారు అని అడగండి. మాట అయ్యాక అదే వాట్సాప్‌లో రాసి పంపండి. ఆరు నెలలయ్యాక ఆ మెసేజ్ చూపించి జీతం సంగతి ఎత్తొచ్చు.