బాగున్న కిడ్నీ ఆస్పత్రిలో చేరాక ఎందుకు దెబ్బతింటుంది?

మీ నాన్నగారు గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి చేరినప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.0 ఉంది, నాలుగో రోజుకి 2.3 అయింది, స్కానింగ్‌కి ఎక్కించిన మందు వల్లేనా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. రెండేళ్ల క్రితం మా అమ్మ మంచం పక్కన తొమ్మిది రోజులు కూర్చున్నవాణ్ణి. అక్కడ తెలిసొచ్చిందే చెబుతున్నా.

అమ్మకి అప్పుడు 67. పదిహేనేళ్లుగా షుగరూ బీపీ. మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం, రెండు రోజులుగా వాంతులు. చేర్పించేసరికి బీపీ 90/60. క్రియాటినిన్ 1.1 అని రిపోర్టు రాగానే కిడ్నీలకేం ఢోకా లేదనుకున్నాం. దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకి గానీ ఆ అంకె పెరగదని అప్పటికి తెలియదు.

ముందుగా పసిగట్టింది నర్సు. రాత్రి పదింటికి ఖాళీ చేసిన యూరిన్ బ్యాగ్‌లో తెల్లవారుజామున నాలుగింటికి 120 మి.లీ. గీత దగ్గర, డికాక్షన్ రంగులో ఉంది. సెలైన్ ఎక్కుతోందిగా, అదే వస్తుందిలే అని నేను ఊరుకున్నా. ఆవిడ మాత్రం లెక్కేసింది: 60 కిలోల మనిషికి గంటకి కనీసం 30 రావాలి, ఆరు గంటలకి 180. వెంటనే డ్యూటీ డాక్టర్ని లేపింది. ఆ రోజు క్రియాటినిన్ 1.9, మర్నాడు 3.2. (48 గంటల్లో 0.3 పెరిగినా అక్యూట్ కిడ్నీ ఇంజురీ, అంటే కిడ్నీకి హఠాత్తుగా తగిలిన దెబ్బ కిందే లెక్కట.)

నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) వచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "ఇంటి మాత్రలు ఏమైనా వేస్తున్నారా?" మంచం కింది సంచిలోంచి కవర్ తీసి ఇచ్చా. టెల్మిసార్టాన్, నీటి మాత్ర కలిసిన బీపీ బిళ్ల. "బీపీ మాత్ర మానకూడదు" కదా, రోజూ ఇడ్లీ తినిపించాక నేనే వేస్తున్నా. అదీగాక మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్, చేరడానికి ముందు మూడు రోజులు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. వడపోతకి ఒత్తిడి కావాలి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ లోపలికొచ్చే రక్తనాళాన్ని వెడల్పు చేసుకుని, బయటికెళ్లేదాన్ని బిగించి నెట్టుకొస్తుంది. డైక్లోఫెనాక్ మొదటి పని చేయనివ్వదు, టెల్మిసార్టాన్ రెండోది చేయనివ్వదు. నీటి మాత్ర ఉన్న నీరు కూడా లాగేస్తుంది. వీటికి తోడు ఇన్ఫెక్షన్, పడిపోయిన బీపీ, వయసు, షుగర్. ఏ ఒక్కటైనా తట్టుకునేదేమో, అన్నీ ఒకే వారంలో పడ్డాయి.

స్కానింగ్ మందు సంగతి: అందరం ముందు దాన్నే అంటాం. అంతకుముందే కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకే దాని ముప్పు ఎక్కువ, మామూలుగా ఉన్నవాళ్లకి ఒకప్పుడు అనుకున్నంత లేదు. మీ నాన్నగారి విషయంలో నేనైతే ముందు ఇవి అడుగుతా: ఆపరేషన్‌లో బీపీ పడిపోయిందా? గాల్‌బ్లాడర్‌లో చీము ఉందా? తర్వాత నొప్పికి ఏ ఇంజెక్షన్ ఇచ్చారు? అమికాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ నడుస్తోందా? రోజుకి యూరిన్ ఎంత వస్తోంది? ఇంటి మాత్రల కవర్ మొత్తం వాళ్ల ముందు పెట్టండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.

అమ్మకి డయాలసిస్ దాకా రాలేదు. మూడు నెలలకి 1.3 దగ్గర ఆగింది, పాత 1.1కి మళ్లీ రాలేదు. మోకాళ్లకి ఇప్పుడు పారాసిటమాలే. అది దేనికీ పనికిరాదని నన్ను తిడుతూనే వేసుకుంటుంది.