విపీల్ మీద కత్తెర పెట్టేముందు

చి. సింధుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. గ్వాటెమాలా వెళ్లి పాత విపీల్‌లు కొని, వాటితో కుషన్ కవర్లు, బెడ్‌స్ప్రెడ్‌లు చేయించి అమ్ముతావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ‘పాత బట్టలే కదా, చవగ్గా వస్తాయి’ అన్నావట. నాకు టెన్షన్ అక్కడే. ఎందుకు చవగ్గా వస్తున్నాయో తెలుసుకుని మరీ కొను.

విపీల్ అంటే అక్కడి మాయా అనే ఆదివాసీ జాతి ఆడవాళ్లు వేసుకునే పైబట్ట. మగ్గం ఒక కొస చెట్టుకో స్తంభానికో కట్టి, రెండో కొస నడుం వెనక పట్టీతో బిగించుకుని కూర్చుని నేస్తారు. అలా నేసే గుడ్డకి పెద్ద పన్నా రాదు కాబట్టి రెండో మూడో పన్నాలు విడిగా నేసి కలిపి కుడతారు. దానిమీద బొమ్మలు చాలావరకు నేతలోవే, అదనపు పేక నూలు చేత్తో ఎక్కించి తెచ్చినవి. ఉప్పాడ జాందానీ చూసినదానివి, ఆ ఓపిక ఎంతో నీకు చెప్పక్కర్లేదు. మంచి విపీల్‌కి నెలలు పడుతుంది. అది సంతలో తక్కువకి దొరికిందంటే బాగా వాడి పాతదైపోయి ఉండాలి, లేదా ఆ ఇంట్లో డబ్బు అవసరం పడి అమ్ముకుని ఉండాలి. రెండో రకం దొరికితే బేరం ఆడకు, ముక్కలూ చేయకు. కర్రకి ఎక్కించి గోడకి వేలాడదీసేలా నిండు బట్టగానే అమ్ము, ధర కూడా ఎక్కువే పలుకుతుంది. కోఫ్రదియా అనే మత సంఘాల వేడుకల్లో కట్టే విపీల్‌లు తెచ్చి చూపిస్తే అసలు ముట్టుకోకు.

చిచికాస్తెనాంగోలో సంత గురువారం, ఆదివారం. పొద్దున్నే వెళ్లు. ఏది తీసినా ముందు తిరగేసి చూడు. ఇప్పుడు విపీల్ డిజైన్ ప్రింట్ చేసిన బట్టలు బాగా వచ్చాయి. వాటి వెనకవైపు తెల్లగానో వెలిసినట్టో ఉంటుంది, నూలు తేలదు. మన పోచంపల్లి వాళ్లని ప్రింట్ ఇక్కత్ దెబ్బ తీసినట్టే వాళ్లనీ ఇవి దెబ్బ తీస్తున్నాయి. అక్కడి నేతగత్తెలు దీనిమీద కోర్టుకి కూడా వెళ్లారు. తమ నేతలకి రక్షణగా చట్టం చేయమని 2017లో రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ల పార్లమెంటుకి సూచించింది.

తర్వాత గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టు. చంకల దగ్గర చెమటకి నూలు చివికిపోయి ఉంటుంది, భుజాల మీద అరిగి ఉంటుంది. ఛాతీ, వీపు భాగాలు గట్టిగా ఉంటే చాలు, రెండు కవర్లు వస్తాయి. కిందిభాగం పావడాలోకి దోపుకుంటారు కాబట్టి చాలా ఊళ్లలో అక్కడ బుటా వేయరు. చిచికాస్తెనాంగో విపీల్‌కి మెడ చుట్టూ సూర్యుడి కిరణాలు వస్తాయి. ఆ మెడని సగానికి కోసి కుట్టిన దిండ్లు చూశాను, కడుపు తరుక్కుపోయింది. నవాలా అనే ఊరి బట్ట మీద రెండు తలల డేగ ఉంటే దాని తల తెగకుండా కొలుచుకో. పన్నాలు కలిపే రంగుల చేతికుట్టుని రాందా అంటారు. దాన్ని విప్పించకు. కవర్‌కి సరిగ్గా మధ్యలో వచ్చేలా చూసుకో, అందం అంతా అదే.

కోసే పద్ధతి ముందే చెబుతున్నాను. గీత గీసుకుని, దానికి అటూ ఇటూ మెషిన్ కుట్టు వేసి, ఆ తర్వాతే మధ్యలో కత్తిరించాలి. లేకపోతే బుటా నూలు ఊడొచ్చేస్తుంది. లోపల పల్చటి కాటన్ లైనింగ్ మొత్తం పరిచి కచ్చా కుట్టు వేయించు. అతికించే ఫ్యూజింగ్ వద్దు, గుడ్డ అట్టలా అయిపోతుంది. సూది 16 నంబరుది. జిప్ పాత నేతకి కుట్టొద్దు, వెనక వేసే కొత్త గుడ్డకి కుట్టు. కొత్త గుడ్డయితే 18 అంగుళాల కవర్‌లో 20 అంగుళాల దిండు పెడితే నిండుగా కనిపిస్తుంది గానీ, పాత నేత ఆ లాగుడికి కుట్ల దగ్గర చిరుగుతుంది. 18కి 18 చాలు.

వెనకవైపుకి, టేబుల్ రన్నర్లకి, నేలమీద వేసే పరుపులకి కోర్తె వాడు. అది వాళ్లు చుట్టుకునే పావడా గుడ్డ, కాలిమగ్గం మీద గజాల కొద్దీ నేస్తారు. సల్కహా వైపు దొరికేది నూలుకి ముడులు కట్టి రంగులద్ది నేసిన గుడ్డ, అచ్చం మన ఇక్కత్ పనే. విపీల్‌తో మాత్రం కాళ్ల కింద వేసుకునే పట్టాలు, కాళ్లు పెట్టుకునే స్టూళ్లు చేయకు. కొంటామని ఎవరైనా అడిగినా సరే, ఒంటిమీద వేసుకున్న బట్టని కాళ్ల కిందికి తేవడం నాకు నచ్చదు.

రంగు సంగతి. తెల్లగుడ్డ తడిపి ఎరుపు మీద, ఊదా మీద గట్టిగా రుద్దు. అంటితే డ్రై క్లీనింగ్ మాత్రమే అని రాసి అమ్ము. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందన్న మాట నమ్మకు. కట్టెపొయ్యి వాసన ఉంటే నీడలో ఆరేస్తే పోతుంది, ఎండలో వేయకు. వెలిసినవన్నీ కలిపి ఒకే నీలం రంగులో ముంచి అమ్మే దుప్పట్లు కూడా ఉంటాయి. చూపుకి బాగానే ఉంటాయి, కానీ ఏ ఊరి నేతో ఇక తెలియదు. నేనైతే పూర్తిగా వెలిసినవాటికే అలా చేయిస్తాను.

కుట్టుపని అక్కడే చేయించు. కేత్సల్తెనాంగోలో 1988 నుంచి నడుస్తున్న త్రామా లాంటి ఆడవాళ్ల సహకార సంఘాలు ఉన్నాయి. ఒక్కో కవర్‌కి కూలి ఎంతో వాళ్లనే చెప్పమను, అది పెట్టుకున్నాకే అమ్మకం ధర లెక్కేసుకో. లేబుల్ మీద ఊరి పేరు, అది ఇంతకుముందు ఏ బట్టో, ఎవరు కుట్టారో వేయించు. ‘మాయన్ స్టైల్’ అని మాత్రం రాయించకు.

మొదటిసారి ఇరవై ముప్పై ముక్కలకి మించి కొనొద్దు. డబ్బు కట్టేముందు ఫొటోలు పంపు, వెనకవైపువి కూడా.

మీ పెద్దమ్మ